మడిచిన ఆకు

అక్కా,

ఈరోజు నీ సంవత్సరీకం. కంబైనల్లూరు నుంచీ కారిమంగళం నుంచీ చుట్టాలు వచ్చారు. వడ, పాయసంతో వీధంతటికీ అరిటాకుల్లో భోజనం పెట్టాం.

తిన్నాక అందరూ ఆకులు మడిచి లేచారు. మడవకపోతే పెట్టినవాళ్లను తక్కువ చేసినట్టు కదా. ఆ మర్యాద వద్దన్నందుకు నువ్వు ఎన్ని పెళ్లిళ్లలో మాటలు పడ్డావో. “ఆకు తెరిచి వదలండమ్మా, మడిస్తే లోపలేముండాదో మా చేతికి తెలీదు” అని ఇంటింటికీ తిరిగి చెప్పావు. సగం మందే విన్నారు. ఈరోజు ఆ సగం మందీ మడిచారు, నీ మీద గౌరవంతో.

నువ్వు తోసిన చెత్తబండిని, మన వీధి ఆడవాళ్లు నడిపేదాన్ని, ఇప్పుడు నేనే తోస్తున్నాను. ఆ ఆకులన్నీ ఎరువు గుంత దగ్గర పోసుకుని ఒక్కొక్కటే విప్పాను. ప్లాస్టిక్ కప్పులు, నీళ్ల పాకెట్లు వచ్చాయి. ఒకదాంట్లో గాజు పెంకులున్నాయి. పోయినేడు నీ చెయ్యి తెగిందీ ఇలాంటి ఆకు విప్పుతుంటేనే. ఆ గాయం పుండై, దాంతోనే పోయావు.

ఒళ్లు మండి ఇంటికి పోయి, “ఎవురు చేసినారు ఈ పని?” అని అరిచాను.

గిన్నెలు తోముతున్న అమ్మ తల ఎత్తలేదు. “నేనే మే. పాయసం గలాసు పగిలిపాయ. పిల్లోళ్ల కాళ్లకు గుచ్చుకుంటాదని నా ఆకులో పెట్టి మడిచినాను” అంది.

నీ చేతికి గుచ్చుకున్న పెంకును కూడా ఏ తల్లో ఇలాగే, పిల్లల కాళ్ల కోసమే మడిచి ఉంటుంది.