పాత ఓడకు కందిపొడి

రెడ్‌మండ్, నవంబర్, గురువారం రాత్రి

తెల్లవారితే మనవరాలు సాహితి ఓడెక్కుతుంది. అమెరికా కోస్ట్ గార్డ్ వాళ్ళ, సముద్రపు మంచు పగలగొట్టే ఓడలో ఇంజన్ల పని దానిది. ఆ ఓడ వయసులో వాళ్ళమ్మ కన్నా పెద్దది. కొత్తది కడుతున్నారట, ఎప్పటికి వస్తుందో.

"అంత పాతదానికి పార్ట్స్ ఎక్కడివే?" అని అడిగాను.

"రేవులో పక్కనే రిటైరైన షిప్ ఉంది అమ్మమ్మా, దాంట్లోంచి తీస్తాం. నీ మిక్సీలాగే!" అని నవ్వింది.

"మిక్సీ ఆగితే పచ్చడి ఆగుతుంది. మంచు మధ్యలో ఓడ ఆగితే?"

"ఫిక్స్ చేస్తాం. నేను వెళ్ళేది అందుకే కదా."

కసరబోయాను గానీ, చెడిన మిక్సీని గరాజ్‌లో దాచి, దాని భాగాలతో ఉన్నదాన్ని నడపడం ఈ ఇంట్లో నేను పెట్టిన పద్ధతే.

సాయంత్రం సాహితి ఓడలోకి తీసుకెళ్ళడానికి కందిపొడి పడుతుంటే మిక్సీ ఆగిపోయింది. గరాజ్‌లోని పాతదాని నుంచి బ్లేడు తిప్పే రబ్బరు బిళ్ళ ఊడదీసి దీనికి బిగించాను. తిరిగింది. ఇంతకుముందైతే అలా తిరిగినప్పుడు గర్వంగా ఉండేది. ఈసారి మూత మీద చేయి తీయకుండా, మళ్ళీ ఎక్కడ ఆగుతుందోనని ఆ చప్పుడే వింటూ నిలబడ్డాను.

కూతురు పక్కకొచ్చి, "కొత్తది ఆర్డర్ చేయనా అమ్మా?" అంది.

ఈసారి వద్దనలేదు.