ఆయన పూచీ మీద

జూన్ 9, సోమవారం

ఈ రోజు కూడా కేసు కట్టలేదు. ఇది మూడోసారి. ఎస్సై నా అర్జీ సగం చదివి బల్ల మీద పడేశాడు. "ఏడో క్లాసులో జరిగిందా? ఇప్పుడు నీ కొడుకే ఏడో క్లాసు గదరా. ఇన్నేళ్ళూ ఏం పీకతా ఉండావు?"

మోటార్లలో కాలిపోయిన రాగి తీగ పీకుతున్నాను సార్ — అనాల్సింది. అనలేదు. ఉదయగిరి చుట్టుపక్కల ఏ బోరు మోటారు కాలినా నా వైండింగ్ షాపుకే వస్తుంది. అన్నీ బాగుచేస్తాను. మాటకు మాట అప్పజెప్పడం ఒక్కటే చేతకాదు, ఇంటికొచ్చి ఈ పేజీ మీద తప్ప.

హెడ్ కానిస్టేబుల్ కుర్చీ వెనక్కి వాల్చి మరీ అడిగాడు. "మగోడివి. నీకేం పోయిందిరా?" అందరూ నవ్వారు. అర్జీలో కింద రాఘవయ్య అయ్యవారి పేరు చదివాక నవ్వు ఆగింది. ఊళ్ళో సగం మందికి లెక్కలు నేర్పినవాడు. ఆ హెడ్డు కూడా ఆయన శిష్యుడే. ఎవరికి తగాదా వచ్చినా, ఎవరి కొడుకు స్టేషన్‌లో పడినా, జనం ముందు పరుగెత్తేది ఆయన వరండాలోకే. పెద్దమనిషి!

ఆ పెద్దమనిషి అప్పట్లో మా హాస్టల్ వార్డెన్. అమ్మానాయనలు కూలికి దూరం పోయిన పిల్లల్నే ఏరి, లెక్కలు దిద్దుతాను రమ్మని తన గదికి పిలిచేవాడు. ఇంతవరకే రాస్తాను. మిగతాది అర్జీలో ఉంది. ఒక్కసారి రాయడానికే ప్రాణం పోయింది.

రిటైరై ఊరుకున్నాడా... ఊరుకోలేదు. ఈ వేసవి నుంచి ఉచితంగా ట్యూషన్. మగపిల్లలకు మాత్రమే. అది విన్నాకే అర్జీ రాశాను.

జూన్ 10, మంగళవారం

ఆత్మకూరు పోయి లాయరమ్మను కలిశాను. ఆవేశపడితే వాళ్ళకే లాభం అంది. "అరవద్దు. ఎవర్నీ తిట్టద్దు. దోవకడ్డం కూర్చోవద్దు. ఒక అట్ట పట్టుకోని ఊరికే కూర్చో రత్నం. కోర్టులో వేసే కాగితాలు నేను తయారు చేస్తా. టైం పడతాది."

మోటారు వచ్చిన పెట్టె చింపి అట్ట మీద రాశాను: నా ఫిర్యాదు తీసుకోండి. అంతే. అయ్యవారి పేరు రాయొద్దంది. రాస్తే పరువు నష్టమట. ఆయనకు పరువుంది కాబట్టి నష్టం. నాకు లేదు కాబట్టి నష్టమే లేదు. బాగుంది.

జూన్ 11, బుధవారం

కూర్చున్నాను. స్టేషన్ గేటుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల, గోడవార. సుజాత మజ్జిగ సీసా ఇచ్చి పంపింది. పెళ్ళయిన ఏడాదే ఆమెకు చెప్పేశాను. "వాడు చచ్చినాడా, ఉండాడా?" అని మాత్రం అడిగింది అప్పుడు. అంతకంటే మంచి మాట నాతో ఎవరూ అనలేదు.

ఒకాయన బండి ఆపి, అట్ట చదివి, "అదంతా సరేగానీ రత్నం, నా మోటారు ఎప్పుడిస్తావు?"

ఇంకొకాయన: "అయ్యోరి మీదనంట గదరా! నీకేం పోయేకాలం?" పేరు రాయకపోయినా ఊరంతా చదువుకుంటోంది. అంటే నన్ను నమ్మనివాళ్ళకు కూడా తెలుసన్నమాట, దొంగనాయాళ్ళకు.

జూన్ 12, గురువారం

రెండో రోజు. ఎండ. హెడ్డు గేటు దగ్గర నిలబడి ఫోన్లో నా ఫోటో తీసుకున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

జూన్ 14, శనివారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి కెలికినట్టుంది. కుడి అరచెయ్యి పూరీలా పొంగింది, వేళ్ళు మూసుకోవడం లేదు.

నిన్న పొద్దున కూర్చున్నానో లేదో జీపు వచ్చి నా ముందే ఆగింది. "లెయ్" అన్నాడు హెడ్డు. ఎందుకు సార్ అన్నాను. నేను అల్లరి చేశానని వాళ్ళు కాగితం మీద రాసుకున్నది ఆ ఒక్క మాటకే. కాలర్ పట్టుకుని రోడ్డు దాటించారు. అట్టను బూటుతో తొక్కి లోపలికి విసిరారు. ముందురోజు నా పక్కన టీ తాగిన మనుషులే గోడకు అతుక్కుపోయి చూశారు.

లోపల — "గుడ్డలిప్పరా."

నేను ఇప్పలేదు. వాళ్ళే ఇప్పారు. డ్రాయరుతో నేల మీద కూర్చోబెట్టారు. మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుని, ఏడో తరగతిలో ఎట్లా కూర్చునేవాణ్ణో అట్లాగే కూర్చున్నాను. అది వాళ్ళకు తెలుసు. అర్జీలో చదివారు కదా. అందుకే నవ్వుతున్నారు. లాఠీ దెబ్బలు పన్నెండో పదిహేనో నాకు గుర్తులేదు, ఆ నవ్వు మాత్రం చచ్చేదాకా ఉంటుంది. "చెయ్యి చాపు. రాసిన చెయ్యి ఏది?" అని ఎస్సై. రెండూ చాపితే కుడిది ఎంచుకున్నాడు.

సాయంత్రం వదులుతామన్నారు. వదల్లేదు. ఇవాళ మధ్యాహ్నం తాసిల్దారు ముందుకు తీసుకుపోయారు. బైండోవర్. సారా కాసేవాళ్ళకు, ఎన్నికలప్పుడు రౌడీలకు చేస్తారే, అది. ఆరు నెలలు మంచి నడవడికతో ఉంటానని, శాంతికి భంగం కలిగించనని బాండు. నేను! నొప్పికి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. ఎడమ చేతి వేలిముద్ర వేయించుకున్నారు, చదువు రానివాడిలా.

"జామీనుదారు యాడ?" అన్నాడు తాసిల్దారు.

తలుపు దగ్గర గొడుగు మడిచిన చప్పుడు. గదిలో ఉన్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. తాసిల్దారు కూడా సగం లేచాడు. రాఘవయ్య అయ్యవారు.

వద్దు అన్నాను. ఆయన పూచీ నాకు వద్దు, నన్ను జైలుకు పంపండి సార్ అని అరిచాను. ఎస్సై నా మెడ పట్టి వంచాడు. "మూసుకో. నీమీద కూడా ఈయనకు జాలి, చూడు." అయ్యవారు కళ్ళజోడు పెట్టుకుని, నింపాదిగా, గుండ్రటి అక్షరాలతో సంతకం చేశాడు. ఈ వ్యక్తి మంచి నడవడికకు నేను పూచీ. పోతూ పోతూ నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఇంటికొచ్చి రెండుసార్లు స్నానం చేశాను.

జూన్ 15, ఆదివారం

చర్చికి పోలేదు. ఆయన్ని పిలిచింది ఎవరని పొద్దుట్నుంచీ అడుగుతున్నాను. సుజాత కాదు. ఆమె శుక్రవారం అంతా ఆత్మకూరులో లాయరమ్మ ఇంటి ముందు కూర్చుంది.

అమ్మ.

"ఇంకెవురున్నారు నాయనా మనకి? పోలీసోళ్ళు నిన్ను చంపేస్తారనిరి. ఆయన మాటైతే ఇంటారు గదా. పోయి కాళ్ళు పట్టుకున్నాను."

"ఎవరి కాళ్ళు పట్టుకున్నావో తెలుసా అమ్మా నీకు?"

"తెలుసు. తెలిసే పట్టుకున్నా."

నేను అనకూడని మాటలు అన్నాను. ఆమె పైట నోట్లో కుక్కుకుంది. తప్పు ఆమెదా... ఈ ఊళ్ళో ఎవరి కొడుకు లోపల పడినా ఏ తల్లయినా పోయేది అక్కడికే. దొంగ చేతికి తాళాలిచ్చి, వాడి దగ్గరికే పోయి తలుపు తియ్యమని బతిమాలే ఊరు. నాకు అమ్మ మీద కోపం. ఊరి మీద అసహ్యం. అమ్మ అన్నం తినలేదు, నేను తినమనలేదు.

జూన్ 16, సోమవారం

షాపు తీశాను. గిరాకీ లేదు. ఉన్న మోటార్లు కూడా ఇద్దరు వచ్చి అట్లాగే ఎత్తుకుపోయారు. ఈ చేత్తో ఎలాగూ తీగ చుట్టలేను.

పదకొండు దాటాక గొడుగు. మెట్టెక్కి, అడక్కుండానే స్టూలు మీద కూర్చున్నాడు. ఊరి ముందు, పట్టపగలు.

"చెయ్యి ఎట్టా ఉండాది?"

స్పానర్ నా ఎడమ చేతికి అందేంత దూరంలో ఉంది. చూశాను. ఆయన కూడా చూశాడు.

"కొట్టు. బాండు మీద ఉండావు, గుర్తు పెట్టుకో. నా పూచీ మీద తిరగతా ఉండావు రా నువ్వు." గొంతులో కోపం లేదు. బోర్డు మీద లెక్క చెప్పే గొంతే. లేస్తూ అన్నాడు, "మీవోడు లెక్కల్లో వీకంట గదా. పంపీ. నేను చూసుకుంటా."

స్పానర్ తీసుకోలేదు. షట్టరు దించి లోపల చీకట్లో కూర్చున్నాను. చంపాలనిపించింది. ఇది రాయడానికి నాకేం సిగ్గు లేదు. చంపాలనిపించింది.

జూన్ 17, మంగళవారం

ఆత్మకూరు. లాయరమ్మ చేతి ఫోటోలు తీసింది, ఆస్పత్రి చీటీ తెమ్మంది. పోలీసుల మీద పైకి రాస్తానంది. అన్నిటికీ తల ఊపాను. తర్వాత అడిగాను, ఈ బాండు తప్పితే ఏమవుతుందని.

"మళ్ళా పోయి అట్ట పట్టుకోని కూర్చుంటే తప్పినట్టే అంటారు. ఆరు నెల్లకి మిగిలినన్ని రోజులు జైల్లో ఎయ్యొచ్చు. నేను వాదిస్తా, కానీ ముందు లోపలికి పోతావు. వద్దు రత్నం."

"జామీనుదారుకు?"

"నోటీసిస్తారు. పూచీ పడినావు గదా, ఎందుకు తప్పినాడో వచ్చి చెప్పమంటారు."

"అంటే ఆయన్ని పిలిపిస్తారా?"

ఆమె పెన్ను కింద పెట్టింది. "పిలిపించాల."

నా అర్జీ మీద ఆయన్ని ఒక్క ప్రశ్న అడగలేదు. గేటు దాకా రమ్మనలేదు. నేను చిన్నప్పుడు పడింది చెబితే పిలవని మనుషులు, నేను ఇప్పుడు రోడ్డు పక్కన ఊరికే కూర్చుంటే పిలుస్తారు. నా పక్కన నిలబెడతారు. ఈ రత్నం ఎందుకు కూర్చున్నాడు అయ్యవారూ అని అడుగుతారు. నేను చెప్పను. ఆయనే చెప్పాలి.

బస్సులో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. పక్క సీటు ముసలాయన లేచిపోయాడు.

జూన్ 18, బుధవారం

మళ్ళీ అట్ట పట్టుకుని కూర్చుంటానని సుజాతతో చెప్పాను. రాత్రి కాదు, పొద్దున్నే, పిల్లాడు బడికి పోయాక. అరిచింది. నీ మొండితనానికి ఇల్లు గుల్లవుతుందంది, పిల్లోణ్ణి ఎవరు చూస్తారంది. నిజమే. మధ్యాహ్నం ఎదురింటికి పోయింది. వాళ్ళ పిల్లాణ్ణి ట్యూషన్‌కు పంపొద్దని చెప్పడానికి. వాళ్ళు తలుపు మొహం మీద వేశారు.

తిరిగి వచ్చి, "ఎప్పుడు కూర్చుంటావు?" అంది.

జూన్ 19, గురువారం

కొత్త అట్ట. అవే మాటలు. ఎడమ చేతి రాత, వంకరటింకర, అయినా చదవొచ్చు. మందులు జేబులో వేసుకున్నాను, జైల్లో ఇవ్వరేమో.

అమ్మ లేచి ఎదురుగా నిలబడింది. మొన్న నేనన్న మాటలకు క్షమించమని అడగాలి. అడగకుండానే అట్ట చంకలో పెట్టుకున్నాను.

సుజాత గుమ్మం దాకా వచ్చింది. "నిజంగా పిలిపిస్తారా ఆయన్ని?"

చట్టం ప్రకారం పిలిపించాలి అన్నాను.

"చట్టం ఎవురడిగినారయ్యా? ఆ ఎస్సై పిలిపిస్తాడా అని అడగతా ఉండాను."

తెలియదు. ఆ మాటే చెప్పి, గుమ్మంలోనే ఈ నాలుగు ముక్కలూ రాసి పోతున్నాను.