గంగన్న పేగుకు యాదవ్వ తీర్పు

నిజ్వా

యాదక్కకు గంగన్న దండాలు.

నీ చెవుడుకు ఫోన్లో నా మాట వినబడదు కనుక కాగితం మీద రాస్తున్నాను. ఏడాదిగా నాకు రక్తవిరేచనాలు. పెద్దపేగు నిండా పుండ్లట. ఆరు నెలలు మందులు వాడాక మళ్లీ చూస్తారట. అప్పటికీ మానకపోతే పేగు కోసి తీసేస్తారట. పేగు లోపల కెమెరాతో తీసిన ఫొటో, ఈ అరబ్బు దేశం నుంచి సెలవుకు మనూరికి వస్తున్న జితేందర్ చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వొక్కదానివే చూడు.

నీ తమ్ముడు గంగన్న

తా.క.: ఫొటోలో ఏది పైనో, ఏది కిందో నాకూ తెలియదు.

* * *

తమ్మీ గంగన్నా, అక్క దీవెనలు.

ఫొటో చూసి ప్రాణం లేచొచ్చింది. ఎంత ఎర్రగా ఉందిరా! నలభై ఏళ్లుగా మేకపేగుల బోటి కడుగుతున్న చేయి నాది. ఎర్రగా ఉంటే తాజా, పాలిపోతే నిల్వ. ఇంత చక్కటి పేగును కోస్తానన్న డాక్టరుకు బోటి కొనడం కూడా రాదు. "మా తమ్ముని పేగు సూడుండ్రి" అని వాడంతా తిప్పాను.

నీ అక్క యాదవ్వ

తా.క.: ఫ్రేమ్ కట్టించి, పోయిన మీ బావ ఫొటో పక్కన తగిలించాను. దండ పెద్దది, ఇద్దరికీ సరిపోయింది.

* * *

అక్కా, ముందు దండ తియ్యి. నేను బతికే ఉన్నాను.

ఆ ఎరుపు ఆరోగ్యం కాదు, వాపు. మందులు పడ్డాక తీసిన ఫొటో పంపుతున్నాను. ఈ లేత రంగే మానుతున్న గుర్తు. నీలం మచ్చలు, పుండు అంచులు కనబడటానికి చల్లిన రంగు. రక్తం ఆగింది, సైట్‌లో డ్యూటీ కూడా చేస్తున్నాను. అయినా డాక్టరమ్మ నమ్మడం లేదు. పేగును వందల రెట్లు పెద్దదిగా చూపే కెమెరా ఉందట. వచ్చే నెల అజైబాలోని పెద్దాస్పత్రిలో దానితో చూస్తారు. కోతో కాదో ఆ రోజే తేలుతుంది.

గంగన్న

తా.క.: దీన్నైనా వాడంతా తిప్పకు. నిన్న సర్పంచ్ ఫోన్ చేసి, "పేగు మంచిగున్నది గంగన్నా" అన్నాడు.

* * *

తమ్మీ,

ఈ ఫొటో చూసినప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. నెత్తురంతా పీల్చేశారు. పైగా నీలం! పాము కరిచినవాడికి తప్ప నీలం ఎవరికెక్కుతుంది? ఆ పరీక్షకు పోయావో, నా మీద ఒట్టే. అమ్మ పోయాక నిన్ను చంకనేసుకుని పెంచింది వాళ్లు కోసుకోవడానికి కాదు.

యాదవ్వ

తా.క.: జవాబు రాయకు. ఇంట్లో ఉండను.

* * *

అక్కా,

ఎక్కడికి పోయావో తెలియదు, అయినా రాస్తున్నాను. నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. రేపు పరీక్షకు పోతున్నాను. రోజూ భయపడటం కన్నా ఒక్కసారి తెలుసుకోవడం మేలు. భయమైతే ఉంది.

గంగన్న

తా.క.: బస్సులో అన్నీ బంగ్లా పాటలే. వాటికన్నా కోతే నయం.

* * *

అజైబా ఆస్పత్రి

తమ్మీ,

నువ్వు మత్తులో ఉన్నావు, చెబితే వినబడదు కనుక రాస్తున్నాను. పరీక్ష ఆపిద్దామనే వచ్చాను. ఇక్కడే పనిచేసే మనూరి ప్రభాకర్ వీసా తీయించాడు. తలుపు దగ్గర భీమవరం పిల్ల, నర్సు అబిగైల్, నన్ను ఆపింది. గొడవ పెట్టుకున్నాను. నీ పరీక్ష అయ్యాక నన్ను లోపలికి పిలిచి, తెర చూపించి చెవిలో అరిచింది: "అమ్మగారూ, ఎర్రగా ఉంటేనే జబ్బండీ! ఇదిగో, సన్న నరాలు కూడా తేటగా కనబడుతున్నాయి. పుండన్నదే లేదండీ!"

లేదురా తమ్మీ! ఒక్క పుండు లేదు. ఆపరేషన్ లేదు. డాక్టరమ్మ చేతులు పట్టుకుని ఏడ్చాను. మనిషి వేరు, బోటి వేరని ఒప్పుకున్నాను. మందులు మాత్రం మానొద్దంది. గెలిచావురా!

నీ అక్క యాదవ్వ

తా.క.: కళ్లు తెరిచాక ఎడమపక్క కుర్చీలోకి చూడు. దడుచుకోకు. కలలోకి రాలేదు, విమానంలోనే వచ్చాను.