కూర్చున్న అమ్మ, నిలబడ్డ అమ్మ

వేలూరు,
3 అక్టోబరు 1994

గుడియాత్తం పెరియస్వామి స్టూడియో వారికి,

నమస్కారం. నా భార్య పుష్పవతి పోయిన కార్తీకంలో చనిపోయింది. సంవత్సరీకానికి పటం కావాలి. పెళ్ళయిన కొత్తలో మీ స్టూడియోలో తీయించుకున్న ఫోటో పంపుతున్నాను. అందులోంచి ఆమె బొమ్మ ఒక్కటీ పెద్దది చేసి, ఫ్రేము కట్టి పంపండి. ఇంట్లో వేరే ఫోటోలున్నాయి. అన్నిట్లోనూ ఆమె కళ్ళు మూసుకునే ఉంది.

ఇట్లు,
కె. సురేంద్రన్,
విశ్రాంత తెలుగు అధ్యాపకుడు

తా.క.: కాఫీ కప్పు అక్కర్లేదు.


గుడియాత్తం,
8 అక్టోబరు

వేలూరు సురేంద్రన్ సార్ సముఖానికి, ఆనంద్‌రాజ్ దండం పెట్టి రాయించేది.

మా మామ పెరియస్వామి కాలమైపోయినాడు సార్. నేను జోలార్పేటలో ఎస్టీడీ బూత్ పెట్టుకోని ఉన్నోణ్ణి. అల్లుణ్ణని ఇప్పుడు ఈ అంగడి గూడా చూసుకుంటా ఉండాను. పాస్‌పోర్ట్ ఫోటో, కలర్ ఫోటో, జెరాక్స్ తీస్తాను. మామ చేసిన పాత పనులు నాకు తెలీవు.

మీ ఫోటోలో ఇద్దరు ఆడోళ్ళుండారు. ఒకమ్మ కుర్చీలో కూర్చోనుండాది. ఇంకో అమ్మ నిలబడి కాఫీ ఇస్తా ఉండాది. ముఖాలు అచ్చం ఒకే మాదిరి. వీళ్ళలో మీ ఇంటామె ఎవరు సార్?

మీ విధేయుడు,
ఆనంద్‌రాజ్

తా.క.: ఇది రాసేది వరదప్ప, పక్కింటి మగ్గమాయన. ఆనంద్‌రాజ్‌కి తెలుగు మాట్లాడను వస్తాది, చదవను రాదు. మీ జాబులు నేనే చదివి చెప్తాను. నన్నడిగితే నిలబడుండే అమ్మే మీ భార్య. అంత విసుగ్గా కాఫీ ఇచ్చేది పెండ్లాం గాక ఇంకెవరు?


వేలూరు,
12 అక్టోబరు

శ్రీ ఆనంద్‌రాజ్ గారికి,

ఇద్దరూ నా భార్యే. మీ మామగారి చేతి పనే కదా, చూస్తే తెలుస్తుంది. కూర్చున్న ఆమె నవ్వుతోంది. దండ వేసే పటంలో నవ్వు బాగుండదు. నిలబడ్డ ఆమెను తీసుకోండి.

ఇట్లు,
సురేంద్రన్

తా.క.: వరదప్పగారికి చెప్పండి. మా ఇంట్లో కాఫీ నేనే కలిపేవాణ్ణి.


గుడియాత్తం,
17 అక్టోబరు

సురేంద్రన్ సార్‌కి ఆనంద్‌రాజ్ దండాలు.

ఇద్దరమ్మలని తెలీక అడిగినాను, మన్నించండి. అక్కాచెల్లెళ్ళని చేసుకోవడం ఈ పక్కన ఉండేదే. ఒక్క సంగతి మాత్రం చెప్పండి. కూర్చోనుండే చిన్నమ్మ సుఖంగా ఉండారా? ఎందుకంటే, పెద్దమ్మని కత్తిరించేటప్పుడు చిన్నమ్మ మోచెయ్యి గూడా పటంలోకి వస్తా ఉండాది. బతికుండేవాళ్ళుండే పటానికి దండ వెయ్యకూడదు సార్. మోచెయ్యి అయినా సరే.

మీ జవాబు కోసం కత్తెర పక్కన పెట్టి కూర్చోనుండే,
ఆనంద్‌రాజ్

తా.క.: వరదప్ప రాసేది. ఒకమ్మకి పటం కట్టి ఇంకో అమ్మకి కట్టకపోతే ఇంట్లో గొడవొస్తాది సార్. మా తాతకి ఇద్దరు. ఆయన పోయినంక గూడా ఆ గొడవ తీరలే.


వేలూరు,
20 అక్టోబరు
(కార్డు)

ఆనంద్‌రాజ్ గారికి,

మీ హాస్యం అర్థమైంది. ఇది అందుకు సమయం కాదు. పటం పంపండి.

సురేంద్రన్

తా.క.: ఏమీ లేదు.


గుడియాత్తం,
27 అక్టోబరు

సురేంద్రన్ సార్ పాదాలకి,

మీ మనసు నొప్పించినాను. ఇంక చిన్నమ్మ మాటెత్తను. పెద్దమ్మ పటం కట్టి ఈ పార్సెల్లో పెట్టినాను. మోచెయ్యి చెరిపేసినాను. చేసిన తప్పుకి, చిన్నమ్మ చల్లగుండాలని, మీ పాత ఫోటోలో ఆమెకి మాత్రం రంగు వేయించినాను. చీరకి పసుపు, బుగ్గలకి రోజా, నుదుట కుంకుమ. మామ రంగు సీసాలు ఇంకా ఎండిపోలే సార్.

తప్పు మన్నించమని కోరే,
ఆనంద్‌రాజ్

తా.క.: రంగు వేసింది నేనే, వరదప్ప. నూలుకి అద్దకం వేసే చెయ్యి, ఫోటోకి వెయ్యలేదా? చీర అంచు ఆకుపచ్చ అనుకున్నాను. వేసేటప్పుడు ఒకటి కనిపించినాది, కోపం చేసుకోవద్దు. అక్కాచెల్లెళ్ళకి పడేట్టు లేదు. అక్క కాఫీ ఇస్తా ఉంటే చిన్నమ్మ ఆమె ముఖమే చూడలే. తలకి జానెడు పైన యాడనో చూసి నవ్వుతా ఉండాది. ఆడ ఏముండాది సార్?


వేలూరు,
2 నవంబరు

ఆనంద్‌రాజ్ గారికి, వరదప్ప గారికి,

నమస్కారం. పార్సెల్ అందింది.

నాకు ఒక్కతే భార్య. రెండు చోట్లా ఉన్నది పుష్పవతే. మీ మామగారు కెమెరా కంటికి ఒక సగం నల్ల అట్ట అడ్డం పెట్టి, ముందు కూర్చున్నది తీశారు. ఆమె చీర మార్చుకుని వచ్చాక అట్టను రెండో సగానికి జరిపి, అదే ఫిలిం మీద నిలబడ్డది తీశారు. అప్పట్లో కొత్తగా పెళ్ళయినవాళ్ళకు అదొక సరదా. మీకు తెలుసనుకున్నాను.

వరదప్పగారి ప్రశ్న చదివి, ఫోటోను భూతద్దం కింద పెట్టాను. ఆమె కూర్చున్నప్పుడు ఎదురుగా ఉన్నది ఖాళీ గోడ. ఎవర్ని చూడమంటారు అని అడిగింది. మీ మామగారు కప్పు నా చేతికిచ్చి, కాఫీ తెచ్చే మనిషి చోట నన్ను నిలబెట్టారు. అట్ట అడ్డం ఉంది కనుక నేను ఫోటోలో పడలేదు. నేను ఆమెకంటే జానెడు ఎత్తు.

ఇదంతా నేను మరిచిపోయాను.

ఆమె నిలబడినప్పుడు నేను వీధిలో ఉన్నాను. ఎదురుగా కుర్చీ ఒక్కటే ఉంది. అది విసుగు కాదు, వరదప్పగారూ. ఖాళీ కుర్చీని చూస్తూ ఎవరూ నవ్వరు. ఈ ఏడాదిలో తెలుసుకున్నాను.

నిలబడ్డ పటం తిప్పి పంపుతున్నాను. ఆదివారం నేనే వస్తాను. పాత ఫోటో, ఒక కప్పు తెస్తాను. ఆనాడు నిలబడ్డ చోటే నన్ను నిలబెట్టి ఒక ఫోటో తీయండి. దాన్ని కత్తిరించి, కూర్చున్న ఆమెకు ఎదురుగా అంటించి, పెద్దది చేయండి. అతుకు కనబడినా ఫరవాలేదు. ఆమె రంగు చెరపకండి. నాకు రంగు వద్దు.

ఇట్లు,
సురేంద్రన్

తా.క.: అంచు ఎరుపు. ఆకుపచ్చ ఆమెకు గిట్టదు. అయినా ఉండనివ్వండి.

మళ్ళీ తా.క.: బతికున్నవాళ్ళు ఉన్న పటానికి దండ వెయ్యకూడదని రాశారు. వెయ్యను.