మంచులో నిద్ర

సుధా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. నిన్ను స్టాక్‌హోమ్‌లో వదిలి, చిట్టీ నేనూ షికాగో పక్కన షామ్‌బర్గ్ వచ్చేశాం. చిట్టి నడుస్తోంది.

స్టాక్‌హోమ్‌లో మన పక్కింటావిడ తన బిడ్డని మంచులో, పిల్లల తోపుడుబండిలోనే నిద్రపుచ్చితే, "మతి ఉందా ఈ మనుషులకి?" అని మండిపడ్డావు. నెల తిరగకుండానే చిట్టికి ఉన్నిటోపీ చెవులదాకా లాగి, నువ్వే బాల్కనీలో పడుకోబెట్టావు. దానికి ఇప్పటికీ గదిలో నిద్ర పట్టదు.

ఈ మధ్యాహ్నం నువ్వు చేసినట్టే దుప్పట్లు చుట్టి, బండిని గుమ్మం బయట పెట్టి, లోపల కిటికీ దగ్గర కూర్చుని ఆఫీసు పని చేసుకుంటున్నాను. ఎవరో ఫోన్ చేశారట, పోలీసు వచ్చాడు. స్వీడన్‌లో అందరూ ఇలాగే చేస్తారని ఎంత చెప్పినా వినలేదు. చిట్టిని ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. అది లేచి ఏడుపు అందుకుంది.

"వాళ్ళమ్మ ఎక్కడ?" అన్నాడు.

చిట్టికి ఇప్పుడిప్పుడే మాటలు అర్థమవుతున్నాయి. దాని ముందు ఆ మాట అనలేకపోయాను. "స్టాక్‌హోమ్‌లో ఉంది" అన్నాను.

అతను చిట్టిని నా చేతికిస్తూ, ఎప్పుడొస్తుందని అడిగాడు.