తెరెసిటా గారికి శాలువా

మాగ్డెబర్గ్,
ఫిబ్రవరి నెల

రవీంద్రనాథ్ అంకుల్‌కి సహస్ర నమస్కారాలు.

హనుమకొండలో మీ చెల్లెలు శారదాదేవి ఆంటీ వాళ్ల పక్కింటి అమ్మాయిని. ఇక్కడ జర్మనీలో మాస్టర్స్ చేస్తూ యూనివర్సిటీ ఫిల్మ్ క్లబ్ చూసుకుంటున్నాను. బ్యోబ్లింగెన్ తెలుగు మిత్రమండలి పనులు వాట్సాప్‌లో వద్దు, ఉత్తరంగా రాస్తేనే అధ్యక్షులు చూస్తారని ఆంటీ చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

మా ఊళ్లో తెరెసిటా దులావన్ అనే ఫిలిప్పీన్స్ దర్శకురాలు ఉంటున్నారు. ఒకప్పుడు మనీలాలో వరసగా ప్రేమకథలు తీసి పేరు తెచ్చుకున్నారు. ఓసారి చెరకు తోటలో పాట తీయడానికి వెళ్లి కూలీలతో మాట కలిపారు. ఆ పాట పూర్తి కానే లేదు. వాళ్ల భూమి గొడవ మీద ‘చెరకు కోత’ తీశారు, వాళ్లతో పాటు ఊరేగింపుల్లో నడిచారు. ప్రభుత్వం ఆ సినిమాని ఆపేసింది. ఈవిడ ఎలాగో దేశం దాటారు. ఎడిటర్ నెస్టర్ దొరికిపోయి ఇంకా జైల్లోనే ఉన్నాడు. తెరెసిటా తుపాకులు పట్టినవాళ్లకి డబ్బు చేరవేసిందని సంతకం పెడితే వదిలేస్తామంటున్నారు. అది అబద్ధం కాబట్టి అతను పెట్టడం లేదు.

మీ ఉగాది సభలో ఆ సినిమా వేసి, ఆవిడని మాట్లాడనిస్తారా? నెస్టర్ ఏమయ్యాడని బయట నలుగురూ అడుగుతూ ఉంటేనే లోపల అతను ధైర్యంగా నిలబడతాడని ఆవిడ నమ్మకం.

ఇట్లు,
సహస్ర

తా.క.: ఆవిడకి రైలు టికెట్ చాలు. దండలు మాత్రం వద్దన్నారు. పూలంటే తుమ్ములట.


బ్యోబ్లింగెన్

చిరంజీవి సహస్రకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి కమిటీ అంతా ఉప్పొంగిపోయింది. సినిమా డైరెక్టర్ అంటే మాటలా! కిందటేడు మాకు దొరికింది టీవీలో వాతావరణం చదివే అమ్మాయి.

సినిమా అంటే గంటన్నరైనా ఉంటుంది. పిల్లల డాన్సులకీ భోజనాలకీ మధ్య పది నిమిషాలు ఇవ్వగలను. టైటిల్ అద్భుతం, ఉగాది పచ్చడికి బెల్లం కావాలి కదా! ఆగిపోయిన ఆ పాట ఏమైనా మిగిలి ఉంటే అదే వేద్దాం. పండగ పూట జైలు గొడవ దేనికి? ఆ అబ్బాయిని మంచి లాయర్‌ని చూసుకోమను.

శుభాకాంక్షలతో,
రవీంద్రనాథ్, అధ్యక్షుడు

తా.క.: దండ లేని సన్మానం ఎక్కడైనా ఉందా? ప్లాస్టిక్ పూలు తెప్పిస్తున్నాం.


మాగ్డెబర్గ్

గౌరవనీయులైన అంకుల్‌కి,

పది నిమిషాలకీ ఆవిడ సరే అన్నారు. కానీ నెస్టర్ గురించి మాట్లాడనివ్వాలి, అది లేకపోతే రారు. ఇంకో మాట. వేదిక మీద ఎవరెవరుంటారో ముందే చెప్పమన్నారు. ఎవరి పక్కన నిలబడి ఫొటో దిగినా మనీలాలో దానికో అర్థం తీస్తారట.

మీ
సహస్ర

తా.క.: మీ ఫ్లయర్‌లో ఉన్న ఫొటో తెరెసిటా గారిది కాదు. యూట్యూబ్‌లో థాయ్ వంటలు చేసే ఆవిడది.


బ్యోబ్లింగెన్

చిరంజీవి సహస్రకు,

ఫొటో గురించి బెంగ వద్దు, ఆ వంటావిడ వల్ల టికెట్లు ఎక్కువే పోయాయి.

వేదిక మీద నేను, కోశాధికారి జితేంద్ర, ఇంకా ఒక సర్‌ప్రైజ్! శాలువా కప్పే మనిషికి హోదా ఉండాలమ్మా. కిందటేడు ఒక కవిగారికి ఇన్సూరెన్స్ ఏజెంటు చేత కప్పించాం, ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడడం లేదు. ఈసారి మాట పడే పని లేదు. మాట్లాడడం అంటావా, భోజనాలకి ముందు మైకు ఇస్తాం.

ఆశీస్సులతో,
రవీంద్రనాథ్

తా.క.: సర్‌ప్రైజ్ సంగతి ఆవిడకి చెప్పకు. ఆ ముఖంలో వెలుగు చూడాలి.


మాగ్డెబర్గ్,
ఉగాది వెళ్లిన వారం

రవీంద్రనాథ్ గారికి,

సర్‌ప్రైజ్ అంటే హైదరాబాద్ నుంచి ఏ నటుడో వస్తాడనుకున్నాను. ఆవిడ దేశం వాళ్లే కదా అని, జర్మనీ పర్యటనకి వచ్చిన ఆ ప్రభుత్వ అధికారిని వెతికి మరీ పిలుస్తారని నేనెలా ఊహించను?

శాలువా వెనక నుంచి కప్పుతారు. ఎవరు కప్పుతున్నారో కప్పించుకునే మనిషికి కనపడదు. మీ మండలి ఫొటోలు తీసే చైతన్య కెమెరా పట్టుకుని “మేడమ్, స్మైల్ ప్లీజ్” అన్నాడు, ఆవిడ మర్యాదకి నవ్వారు. “ఆపుర్రి, ఫొటో ఆపుర్రి!” అని కింద నుంచి నేను ఒర్లుతూనే ఉన్నాను. మీరేమో అందర్నీ చప్పట్లు కొట్టమన్నారు. తిరిగి చూస్తే ఆ మనిషి. ఆవిడ సినిమాని ఆపించింది ఆయనే. మైకు ఆవిడ చేతికి వచ్చేసరికి పులిహోర వడ్డిస్తున్నారని ప్రకటించారు, హాలు ఖాళీ అయింది. నెస్టర్ పేరు విన్నది ఖాళీ కుర్చీలు, నేను.

ఆ ఫొటో మనీలా పేపర్లో వచ్చింది. ‘ప్రభుత్వంతో చేయి కలిపిన దర్శకురాలు’ అని రాశారు. నాకు మీ మీద చాలా కోపంగా ఉంది, దాచుకోను. ఆవిడకి కోపం కూడా రావడం లేదు. అన్నం మానేసి ఫోన్ వంక చూస్తూ కూర్చుంటున్నారు.

ఒక్కటి చేయండి. ఆయన్ని మండలి పిలిచిందనీ, ఆవిడకి ముందు తెలియదనీ మీ సంతకంతో ఒక ముక్క రాయండి. మనీలాలో లాయరు దాన్ని నెస్టర్‌కి చేరుస్తారు. పేపరు కంటే ముందు అది అతని చేతిలో పడాలి. మీ కాళ్లు పట్టుకుంటాను, ఇవాళే రాయండి.

సహస్ర

తా.క.: ప్లాస్టిక్ పూలకి కూడా ఆవిడకి తుమ్ములొచ్చాయి.


బ్యోబ్లింగెన్,
ఏప్రిల్ నెల

చిరంజీవి సహస్రకు,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇలాంటివి కమిటీ తీర్మానం లేకుండా రాయకూడదు. కమిటీ కూర్చోవాలంటే హాలుకి టెర్మిన్, ఒక ఖాళీ తేదీ, దొరకాలి. దొరికేసరికి రెండు వారాలు పట్టింది. ఈలోగా ఆ అవసరమే తీరిపోయింది.

శుభవార్త! నెస్టర్ విడుదలయ్యాడు!

శాలువా కప్పిన ఆ పెద్దాయన స్వయంగా ఫోన్ చేసి చెప్పారు. జైల్లో అబ్బాయికి మన ఫొటో ఉన్న పేపరు చూపించారట. దాని కింద రాసింది చదివాడట. తరవాత తనే కాగితం అడిగి సంతకం పెట్టేశాడట. అంతే, వదిలేశారు. ఇన్నేళ్లుగా ఎంతమంది చెప్పినా పెట్టని సంతకం, మన ఒక్క ఫొటో పెట్టించింది. ఆ సంతకం వల్ల తెరెసిటా గారి మీద ఏదో కేసు నడుస్తుందట, అది వాళ్ల పద్ధతి, పట్టించుకోవద్దన్నారు.

నువ్వు కోపంలో రాసిన మాటలు నేను మనసులో పెట్టుకోలేదు. చిన్నపిల్లవి.

ఆశీస్సులతో,
రవీంద్రనాథ్, అధ్యక్షుడు

తా.క.: నెస్టర్ ఇంటి నంబర్ కూడా సంపాదించాను, కింద రాస్తున్నాను. తెరెసిటా గారిని ఒకసారి పలకరించమను. ఇన్నేళ్ల తరవాత ఆవిడ గొంతు వింటే ఎంత సంతోషిస్తాడో!