నూకాలు బస్సు ప్రయాణం

సాలూరు, 1968, గురువారం

వికలాంగుల సంక్షేమం ఆఫీసరమ్మ ఇవాళ మా ఇంటికొచ్చింది. విశాఖపట్నంలో చూపు లేనివాళ్ళకు కుర్చీలల్లడం నేర్పుతారట, తిండీ బసా ఉచితమట. ఊరికే ఎవరు పెడతారు? చెల్లెలి తరఫున నేను జవాబిస్తుంటే, "ఎవరి సంగతి వాళ్ళనే అడగాలన్నది మా ఆఫీసు నియమమండీ" అని నూకాలు వైపు తిరిగింది. అన్నని పక్కకు నెట్టే నియమం వెనక ఏదో ఉంది.

"దానికి సెవుడు కూడానండి" అన్నాను.

"సూపే లేదమ్మా, సెవులున్నాయి. మా అన్నకి ఏలాకోలం ఎక్కువ. నానెల్తాను" అంది నూకాలు.

సోమవారం బస్సెక్కిస్తే చాలట, అక్కడ బస్టాండులో వాళ్ళ మనిషి ఉంటాడట. ఎవడా మనిషి? బస్సు ఆలస్యమైతే సర్కారు జీతగాడు నిలబడతాడా? వాడు రాకపోతే, ఆ జనంలో నూకాలు ఎటు పోతుంది?

చెప్పకుండా వెనక సీట్లో కూర్చుని వెళదామనుకున్నాను. ఎలా పసిగట్టిందో, అన్నం పెడుతూ అంది: "అన్నా, నువ్వు ఎనకాల బస్సెక్కితే నీ సుట్ట కంపుకే తెలిసిపోతాది. నా పరువు తియ్యకు."

సోమవారం దాకా చుట్ట మానెయ్యాలి. పంచె కూడా ఉతికించాలి.